అడిగినదొకటి, అందినదొకటి

ఖమ్మమునుండి కోదాడకు పోవు బాటపై ముదిగొండ యను గ్రామమున్నది. ఆ యూర నొక స్మారకస్తూపము కలదు. 2007వ సంవత్సరము జులై 28వ తేదీన, భూమికొరకు వామపక్షములు సాగించుచుండిన ఉద్యమములో భాగముగా రాష్ట్రమంతట బందు జరుగుచుండిన దినమున, అక్కడ పోలీసులు తుపాకులు పేల్చగా ఏడుగురు ప్రాణములు కోల్పోయిరి. నాడు జనులు అడుగుచుండినదేమి? దున్నుకొనుటకు కొంత నేల, తలదాచుకొనుటకు ఇంటిస్థలము. వారికి అందినదేమి? మొదట గుండు, తరువాత సంతాపము, ఆ పైన మృతుల కుటుంబములకు పరిహారము, న్యాయవిచారణ. ఇవన్నియు పత్రికలలో పెద్దయక్షరములతో వచ్చినవి. కాని బ్రదికియున్ననాడు తండ్రి యడిగిన నాలుగు గజముల నేలకు, చచ్చినపిమ్మట బిడ్డచేతిలో పెట్టిన కాగితము బదులు కాగలదా?

పాత వైరమును తిరుగదోడుట మా ఉద్దేశము కాదు. అందు ఎవరి తప్పెంత యను వాదము ఈ పదునెనిమిది సంవత్సరములకు పైగా జరుగుచునే యున్నది. ఇక ముందును జరుగును. మా ప్రశ్న అంతకంటె చిన్నది. పేదవాని కేమి కావలెనో తెలియక అట్లు జరిగినదా? తెలియకేమి! ప్రభుత్వము తానే నియమించిన కోనేరు రంగారావు భూసంఘము 2006లోనే నూటనాలుగు సిఫారసులతో నివేదిక నిచ్చి యుండెను. అడుగువాని మాట అచ్చుపడి అధికారి బల్లమీదనే యుండెను. చదువువారికి తీరిక చిక్కలేదు. కష్టములోనున్న వాడు చెప్పినది వినకుండ మనకు తోచినది ఇచ్చు అలవాటు ప్రభుత్వములకే యున్నదని అనుకొందుమేమో! పాఠకమహాశయులారా, ఆ వ్యాధి మన ధర్మకార్యములలోను, మన చందాపుస్తకములలోను, మన మనసులలోను అంతే ముదిరియున్నది. ఈ వారము మేము వ్రాయదలచినది దానిని గూర్చియే.

2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారము. మున్నేరు పొంగెను. ఆకేరు, బుగ్గేరు, మున్నేరు మూడును తీర్థాల సంగమేశ్వరుని పాదములచెంత కలియునని మనము శివరాత్రికి పోయి మ్రొక్కుదుము. ఆ మూటి నీరు నొక్కటియై ఖమ్మము పట్టణముమీదికి వచ్చిన దినమది. ప్రకాశునగరము, బొక్కలగడ్డ మొదలైన పల్లపు పేటలు జలమయమైనవి. దిగువన ముదిగొండ పొలములకును ఆ యేరే పొరుగు. ప్రకాశునగరము వంతెనమీద తొమ్మిదిమంది చిక్కుకొనిరి. గంటలు గడచినవి, హెలికాప్టరు రాలేదు. తుదకు పొట్టకూటికై హర్యానానుండి వచ్చిన ఒక పొక్లెయినరు నడపువాడు, వలదని చుట్టునున్నవారు వారించుచున్నను, ఆ యంత్రమునే నీటిలోనికి తోలుకొనిపోయి తొమ్మండుగురను ఒడ్డు చేర్చెను. అతడు వారి కులమడుగలేదు, ఊరడుగలేదు, కార్డు అడుగలేదు. అడుగవలసిన సమయము కాదది. నీట మునుగువానిని ప్రశ్నలడుగరాదు. కాని ఒడ్డున పడినవానిని అడుగక మానరాదు. మనము ఈ రెంటిని తారుమారు చేయుచున్నాము. మునుగుచున్నప్పుడు ఎవరి హద్దులోనిది, ఎవరి యుత్తరువు కావలెనని విచారించుచు కూర్చుందుము; ఒడ్డు చేరిన తరువాత ఒక్క మాటయైన అడుగక మన యిష్టము వచ్చినది వాని నెత్తిన వేయుదుము.

వరద తీసిన మరునాటినుండి ఆ పేటలకు వచ్చిన అన్నపు పొట్లములకు లెక్కలేదు. పులిహోర, సాంబారన్నము, రొట్టెలు, నీళ్లసీసాలు వచ్చినవి. తెచ్చినవారు ఉత్తములే, వారిని తప్పుపట్టు నాలుక మాకు లేదు. మొదటి మూడు దినములు పొయ్యి వెలుగని యింట ఆ పొట్లమే ప్రాణము. కాని నాలుగవ దినమున ఇల్లాలి చూపు పొట్లముమీద లేదు. నట్టింట మోకాలిలోతు పేరుకొన్న బురదమీద నున్నది. ఆ బురదను ఎత్తిపోయుటకు పారలు, గంపలు, నీటిని తోడు పంపు, నాలుగు జతల చేతులు కావలెను. తడిసిన కుట్టుయంత్రమును బాగుచేయువాడు కావలెను. మునిగిన ఆటోను తిరిగి కదల్చు మెకానిక్కు కావలెను. బిడ్డ పదవతరగతి పత్రము, అత్త పింఛను పుస్తకము, మగని ఆధారు కార్డు, ఇంటి పన్నుచీటి ఎండబెట్టుకొనుటకు, పోయినవానికి నకళ్లు తెచ్చుకొనుటకు తోడు కావలెను. కూలికి పోవలసిన వాడు పదిదినములు ఇల్లు కడుగుకొనుచు కూర్చుండిన, ఆ పదిదినముల కూలి ఎవరు పెట్టవలెను? ప్రభుత్వము కుటుంబమునకు 16,500 రూపాయలు ఇచ్చినది. అది చేతికందిన సొమ్ము గనుక, దేనికి వాడుకొనవలెనో పుచ్చుకొన్నవారే నిర్ణయించుకొనగలరు గనుక, పొట్లములకంటె అది మేలని మా యభిప్రాయము. నగదిచ్చిన త్రాగి పాడుచేయుదురని కొందరు పెద్దలందురు. ఇల్లు మునిగిన యాడుదానిని చూచి ఈ మాట అనగలిగిన వాడు బురదలో కాలుపెట్టి యుండడు.

ఇక బట్టలు! ఈ విషయమున మేమును దోషులమే గనుక దాచక చెప్పుకొందుము. ఒకప్పుడు ఒక వరదకు మేమును బీరువాలోని పాతబట్టలు మూటగట్టి పంపి పుణ్యము చేసితిమని ఆ రాత్రి హాయిగా నిద్రించితిమి. ఆ మూటలో బొత్తములు లేని చొక్కాలు, ఒక ఉన్నికోటు, పెండ్లినాటి జరీ అంచు చినిగిన పంచె యుండెను. కోస్తా ఎండలో ఉన్నికోటు ఎవ్వనికి? 2004లో సునామీ వచ్చినప్పుడు తమిళనాటి తీరమున అట్టి మూటలు లారీలకు లారీలుగా దిగి, కట్టువారు లేక బాటలప్రక్కన కుళ్లినవి. ఢిల్లీకి చెందిన గూంజ్ యను సంస్థ ఆ కుప్పలను ఏరి, ఉతికి, పనికివచ్చునట్లు చేసినది. ఆ సంస్థాపకుడు అంశూ గుప్తాకు 2015లో మెగసెసె పురస్కారము వచ్చినది. వారు కనిపెట్టిన మర్మము చిన్నదే: బట్ట నిచ్చువాని బీరువాను కాక కట్టుకొనువాని దేహమును చూడవలెను. స్త్రీలకు నెలసరి వేళ కావలసిన మెత్తని నూలుగుడ్డను గూర్చి అంతకుముందు ఏ సహాయసంఘమైనను నోరెత్తి పలికినదా? అడిగినగదా తెలియుట. మగవారి సభలలో కూర్చుండి పట్టికలు వ్రాసిన ఆ పంక్తి పట్టికలోనికి ఎట్లు రాగలదు?

ఖమ్మమున మున్నేరు పొంగిన దినములలోనే బెజవాడలో బుడమేరు పొంగి సింగునగరము మొదలైన పేటలను ముంచెత్తెను. అక్కడ డ్రోనులతో ఆహారము జారవిడిచిన చిత్రములను లోకమంతయు చూచినది. మాకు అంతకంటె నచ్చినది మరియొకటి. నీరు తీసిన పిమ్మట మంటలార్పు బండ్లను వీధివీధికి పంపి ఇండ్లలోని బురద కడిగించిరి. మంటలార్పుటకు పుట్టిన బండి బురద కడుగుటకు వచ్చుట నిబంధనలలో లేదు. కాని ఎవరో ఒకరు ఆ యిల్లాలి చూపు ఎటున్నదో చూచియుందురు. పరిహారము పంచుటలోను క్రింది అంతస్తు మునిగినవారికి 25,000, పై అంతస్తులవారికి 10,000 రూపాయలని భేదము పాటించిరి. అందరికి సమానమనుట వినుట కింపుగా నుండును. కాని మంచముతోసహా మునిగినవానికిని, మేడమీదనుండి నీరు చూచినవానికిని సమానముగా నిచ్చుట న్యాయమా?

కష్టములోనున్నవానిని అడుగుట యనిన, వానిని పరీక్షించుట కాదు. ఈ రెంటిని ఒకటిగా భావించు ప్రభుత్వములు పూర్వమునుండియు నున్నవి. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును దహించిన ధాతకరువు నాడు బళ్లారి, కర్నూలు, కడప సీమలలో జనులు రాలిపోవుచుండగా, దొరతనమువారు సర్ రిచర్డు టెంపుల్ అనువానిని పంపిరి. అతడు కరువుపనులలో రాళ్లుకొట్టు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై ఒక అణా చాలునని నిర్ణయించెను. పని యింటికి దూరముగా నుండవలెననియు నియమము పెట్టిరి; నిజముగా ఆకలిగొన్నవాడైనచో అంతదూరము నడచివచ్చునట! నడువలేనివాడు ఆకలిలేనివాడని లెక్క. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు ఆ కూలితో మనిషి బ్రదుకడని వాదించెను. తెల్లవారిలో తెల్లవారే కాదన్న లెక్క యది. ఆ దొరలు పోయిరి. పరీక్షలు పోయినవా? నేడు వ్రేలిముద్ర పడని ముదుసలిని రేషనుకొట్టుచుట్టు త్రిప్పుచున్నాము. వరద కార్డును కొట్టుకొనిపోయినదని చెప్పినవానిని, వరదబాధితుడవనుటకు కార్డు చూపుమనుచున్నాము. ఇది మేము హాస్యమునకు వ్రాసినది కాదు.

అందును కౌలుదారుని యవస్థ వేరు. మున్నేటి వాలున పత్తి, మిరప, వరి వేయు రైతులలో తన పేర గుంటెడు నేలలేనివా రెందరో కలరు. కౌలు ముందుగా చెల్లించి, విత్తనములు, ఎరువులు అప్పుగా తెచ్చి, పెండ్లాముబిడ్డల రెక్కలు పెట్టుబడిపెట్టి పండించువాడు అతడు. చేనిపై ఇసుక మేటవేసినప్పుడు నష్టపోవునది అతడు. కాని కచేరీలోని పుస్తకములో పేరున్నది పట్టాదారునిది. పరిహారము పుస్తకము చూచి వచ్చును. బురద చూచి రాదు. 2018లో ఆరంభమైన రైతుబంధు పథకమును పట్టాను చూచియే సొమ్మిచ్చెను గాని నాగలి పట్టినవానిని చూడలేదు. 2011లో కౌలుదారులకు ఋణార్హత కార్డులిచ్చుటకు చట్టము చేసిరి. యజమాని హక్కునకు భంగము లేకుండ పంటఋణము, నష్టపరిహారము సాగుదారునకు చేర్చుట దాని ఉద్దేశము. చట్టము మంచిదే. కార్డు చేతికి వచ్చినవారు అరుదు. భూస్వామికి భయము, ఉద్యోగికి బద్ధకము, కౌలుదారునకు మొగమాటము; ఈ మూటి నడుమ మంచి చట్టము మూలబడినది.

ఉత్తరమున భద్రాద్రి అడవులవైపు చూచినను ఇదియే కథ. 2022 జులైలో గోదావరి భద్రాచలముకడ 71.3 అడుగులకు వచ్చెను. మూడవ హెచ్చరిక 53 అడుగులకే యని తెలిసినవారికి ఆ యంకెలోని భయము తెలియును; 1986లో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంతటి వరద లేదు. ఒకప్పుడు మన ఖమ్మముజిల్లాలోనివై 2014లో ఆంధ్రప్రదేశమున చేరిన చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలముల గిరిజనులు గుట్టలెక్కి ప్రాణములు కాచుకొనిరి. ప్రభుత్వము కుటుంబమునకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము, కొంత పప్పు, నూనె పంచెను. వారు అడిగినది పోలవరము ముంపునకు రావలసిన పునరావాసము. మరల వరద రాకమునుపే తమను మెరకకు చేర్చుమని వారి మొర. బియ్యము తినివేయవచ్చును, తరువాతి ఆషాఢమునకు ఏరు మరల గడపలోనికి వచ్చును.

అన్నదానమును చులకన చేయుచున్నారా యని కొందరు కోపింతురేమో. అపచారము! లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో పరమపదించువరకు వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము వడ్డించిరి. ఆ తల్లి పేరు తలచి చేయెత్తి మ్రొక్కని తెలుగువాడుండడు. ఆకలిగొన్నవాడు అడుగునది అన్నమే గనుక ఆమె యిచ్చినది అడిగినదే. గోదావరి మండలము 1833 కరువునను, 1839 తుపానునను నాశనమైనప్పుడు మాత్రము అడిగినది గంజి కాదు, నీరు. ఆ సంగతి గ్రహించిన కాటనుదొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించి 1852 నాటికి ముగించెను. పరాయివాడైనను ఆ డెల్టా రైతు అతని బొమ్మకు పూలదండ వేయుటలో ఆశ్చర్యము లేదు.

పుచ్చుకొనువాని చిన్నతనమును గూర్చియు ఒకమాట. మన పల్లెలలో సహాయము లేనిదెన్నడు? చావు జరిగిన యింట పొయ్యి వెలిగింపరాదు గనుక ఇరుగుపొరుగు వండి తెచ్చి పెట్టుదురు. నాట్లవేళ ఒకరి చేనికి మరియొకరు బదులు పోవుదురు. నేడు నీ మడిలో నేను, రేపు నా మడిలో నీవు. పెండ్లిలో చదివింపులు పుస్తకములో వ్రాసి, రేపు వారింట శుభకార్యమునకు తిరిగి చదివింతురు. పట్టణపు బాబులు ఆ పుస్తకము చూచి నవ్వుదురు: ప్రేమకు లెక్కలేల యని! ఆ లెక్కలోనే గౌరవమున్నది. తిరిగి ఇయ్యగల త్రోవ యుంచినవాడు ఎదుటివానిని బిచ్చగానిగా చేయడు. ఛాయాచిత్రము తీయించుకొనుచు ఐదుకిలోల బియ్యపుసంచి చేతికిచ్చువాడు ఆ త్రోవను మూసివేయును. సంచి నెలలోపల ఖాళీయగును. చిత్రము మాత్రము బంధువుల చేతిలోని టెలిఫోనులలో ఏండ్లతరబడి తిరుగును. పిల్లకు సంబంధము చూడవచ్చినవాడును దానిని చూడవచ్చును.

ఇంతయు చెప్పి, సొమ్ములేని సామాన్య పాఠకుడు ఏమి చేయగలడను ప్రశ్నకు బదులీయకున్న న్యాయము కాదు. పఠనమందిరములలో కూర్చుండి ఈ పంక్తులు చదువువారికి పొలము లేకపోవచ్చును, పొక్లెయినరు లేకపోవచ్చును, అక్షరమున్నది. నిజాము రాజ్యములో మాడపాటి హనుమంతరావుగారు మొదలైన పెద్దలు 1921లో ఆంధ్రజనసంఘమును స్థాపించిన పిమ్మట చేసిన పనిని తలచుకొనుడు. వెట్టిచాకిరిని గూర్చి సర్కారువారే వెలువరించిన ఉత్తరువులు ఉర్దూలో దస్త్రములలో పడియుండగా, వానిని తెలుగున చిన్నపుస్తకములుగా అచ్చువేసి పల్లెలకు పంచిరి. కుమ్మరికి, చాకలికి, మాదిగకు డబ్బు పంచలేదు. మీచేత కూలిలేక పనిచేయించుటకు వీరికి హక్కులేదు, ఇదిగో సర్కారు మాట యని చెప్పి కాగితము చేతికిచ్చిరి. అమీను ఎదుట నిలిచిన పేదవానికి ఆ కాగితము కర్రయై నిలిచెను. 1945లో ఖమ్మమున ఆంధ్రమహాసభ జరుగునాటికి, ఈ సీమలో సామాన్యుడు సభకు వచ్చి నోరువిప్పుటకు ధైర్యము తెచ్చుకొనుటలో ఆ చిన్నపుస్తకముల పాలు తక్కువ కాదని మా విశ్వాసము.

ఆ పనికి నేటికిని సందు తీరలేదు. వరద వచ్చిన మొదటివారము జనము, మూటలు, మైకులు, మంత్రులు అన్నియు నుండును. మూడవవారమున పేట నిర్మానుష్యము. బాధితులు మాత్రమే యుందురు. అప్పుడు పోవలెను. ఇద్దరిద్దరుగా పోవలెను, అందొకరు స్త్రీ యగుట మేలు. చేతిలో సంచి వలదు. ఒక పుస్తకము, ఒక కలము చాలును. ఏమి పోయినది, ఏమి యున్నది, ఏది దొరకిన మరల మీ కాళ్లమీద మీరు నిలువగలరు అని అడిగి, వారు చెప్పిన మాటను వారి మాటలోనే వ్రాసికొనవలెను. మేక కావలెనన్నవానికి కంబళి వ్రాయరాదు. ఏమియు వలదు, కొంతసేపు కూర్చుండుడన్నవాని వద్ద కూర్చుండవలెను. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి అడుగునది కొన్నిసార్లు అంతే, అప్పుడు మన నోట ఉపదేశము రాకుండుట మంచిది. తరువాత దరఖాస్తు వ్రాసిపెట్టి, తహశీలు కచేరీకి వెంటపోయి, రసీదు పుచ్చుకొనువరకు బల్లయొద్ద నిలువవలెను. చదువుకొన్నవాడొకడు ప్రక్కన నిలుచున్నప్పుడు గుమాస్తా గొంతు ఎంత మారునో చూచినవారికి తెలియును. ఇది సిగ్గుపడవలసిన సత్యమే. అయినను ఆ సిగ్గు తీరులోపల దానిని పేదవానికి ఉపయోగపరుపవచ్చును.

ముదిగొండ, చింతకాని, ఖమ్మము గ్రామీణ మండలములలో మున్నేటి గట్టువెంబడి నున్న ఊళ్ల పఠనమందిరములవారికి మా మనవి యొకటి. వచ్చు వానకాలమునకు ఇంకను వ్యవధి యున్నది. వరద వచ్చినప్పుడు వ్రాయవలసిన పట్టికలో సగము ఇప్పుడే వ్రాసికొనవచ్చును: ఊరిలో ఎవరి చేను ఎవరు కౌలుకు చేయుచున్నారు, ఒంటరి ముదుసలులెవరు, నడువలేనివారెవరు, పంపులు ఎవరివద్ద నున్నవి, ఎవరి కాగితముల నకళ్లు తీసి మేడపైని పెట్టెలో దాచవలెను అని. కౌలుదారుల పేర్లు వ్రాయునప్పుడు పట్టాదారులు కొందరు ముఖము ముడుచుకొందురు. చట్టములోని మాటను వారికి మెల్లగా చదివి వినిపింపుడు. వినకున్న, పేరు మాత్రము వ్రాసియే ఉంచుడు.